ఎముకలు ఇచ్చిన గొంతు

ఎముకల కొలతలు చూపిస్తే చాలు, గొంతు పుట్టించే యంత్రాలు ఊరూరా వచ్చేశాయి. రాక్షసబల్లి నోరు తెరిచి గర్జిస్తుందని ఆశపడి మ్యూజియానికి వచ్చే పిల్లలు, ఆ అస్థిపంజరం యంత్రమిచ్చిన గొంతుతో నోరు మూసుకుని గుండెలోంచి గూఁ అని మూలుగుతుంటే ఉసూరుమనేవారు. ఆ హాలు ఊడ్చే రజితకు మాత్రం, అది పక్కనున్న, రాళ్లయిపోయిన దాని గుడ్లను జోకొడుతున్నట్టుండేది.

కాన్పయిన ఇరవై రోజులకే రజిత పనిలోకి వచ్చింది. బిడ్డ ఏడవకుండానే పుట్టి, ఏడవకుండానే మట్టిలోకి పోయింది.

యంత్రం నడిపే విజయసారథి ముందు రజిత, బిడ్డ ఎముకల కొలతలున్న ఎనిమిదో నెల స్కానింగు పెట్టింది. "సారూ, నా బిడ్డ గొంతు ఒక్కసారి ఇనిపియ్యుండ్రి."

"వద్దక్కా, తట్టుకోలేవు."

"ఇనకుంటే మాత్రం తట్టుకుంటున్ననా సారూ?"

అతను మీట నొక్కాడు. హాలంతా పసిబిడ్డ ఏడుపు. రజిత రవిక పాలతో తడిసిపోయింది. స్పీకరును ఒళ్లోకి తీసుకుని, పెదవులు బిగించి, ఆ రాక్షసబల్లిలాగే లోలోపల జోల పాడింది. ఎంతసేపు పాడినా ఏడుపు ఆగలేదు.

యంత్రం ఆ ఎముకలకు గొంతు ఇచ్చింది గాని, చెవులు ఇవ్వలేదు.