గడియార గోపురం కింద

"కాసేపు కూర్చోవయ్యా మెర్ల్. నీ తిరుగుడికి నా కళ్ళు తిరుగుతున్నాయి," అంది ఆర్డిత్.

మెర్ల్ కూర్చోలేదు. కోర్టు నడవా చివరి కిటికీ దాకా వెళ్ళి, బయటి గోధుమ చేలవైపు ఓసారి చూసి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఇంకా తేల్చలేదా వాళ్ళు?"

"తేలిస్తే పిలుస్తారుగా!"

అతను కాఫీ తెచ్చి, అడక్కుండానే చక్కెర కలిపి ఆమె చేతికిచ్చాడు. పక్కపక్క పొలాలవాళ్ళు, ఒకే బడిలో చదివినవాళ్ళు. ఆమె తాగలేదు. కప్పుని రెండు చేతులతో పట్టుకుని సున్నపురాతి గోడల్ని చూస్తోంది.

"గంట దొంగల వంశం మీది," అంది ఉన్నట్టుండి.

"దొంగలా? కౌంటీ కోర్టు మీ పాత ఊరి నుంచి ఇక్కడికి మారాలని జనం ఓటేశారు. మీవాళ్ళు పాత కోర్టు గంట మాత్రం ఇవ్వం పొమ్మన్నారు. మా ముత్తాత బండి కట్టుకెళ్ళి తెచ్చుకున్నాడు."

"అందరూ పడుకున్నాక!"

"మీ ముత్తాత వెంటపడి కాల్చలేదూ? ఈ కోర్టు తూర్పు గోడకి ఆ తూటా దెబ్బ ఇంకా ఉంది. గోడకి తగిలింది కాబట్టి సరిపోయింది. అదే మనిషికి..."

మెర్ల్ ఆగిపోయాడు. ఆర్డిత్ తలెత్తి పైకప్పు వైపు చూసింది.

"పైన గడియార గోపురం పగుళ్ళిచ్చిందట. దించేస్తారంటున్నారు," అంది ఆర్డిత్ చివరికి.

"దించితే ఏముంటుంది? టోపీ తీసిన బట్టతలలా ఉంటుంది."

ఆమె ఫక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. అంతలోనే ఇద్దరూ తప్పు చేసినట్టు పై అంతస్తు తలుపు వైపు చూశారు.

ఆ తలుపు తెరుచుకుంది. బంట్రోతు మెట్ల మీంచి వంగి, "తేలిందండీ. రండి," అన్నాడు.

మెర్ల్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఆర్డిత్ కప్పు కింద పెట్టి అతని మోచెయ్యి పట్టుకుంది.

"పద. ఇనప మెట్లు, చూసుకుని ఎక్కు."

పైకెక్కాక గుమ్మం దగ్గర చెయ్యి వదిలేసింది. కుడివైపు మొదటి బల్ల మీద ఒంటరిగా కూర్చుంది. మెర్ల్ ఎడమవైపు వెళ్ళాడు. ముందు వరసలో లాయరు పక్కన తలొంచుకుని కూర్చున్న కుర్రాడు వెనక్కి తిరిగి, "నాన్నా," అన్నాడు. మెర్ల్ వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

తీర్పు తేల్చిన జ్యూరీ లోపలికి వచ్చింది. ఆర్డిత్ వాళ్ళవైపు చూడలేదు. ఆ కుర్రాడినే చూస్తోంది.

వాడు చంపింది ఆమె కొడుకుని.