నిచ్చెన గుర్తాయన

టైలరమ్మకు ఏ సంగతైనా ఆరా తీయందే ముద్ద దిగదు.

అలాంటి మనిషికి నగరపాలక ఎన్నికలు వచ్చిపడ్డాయి. వార్డులో పోటీకి దిగింది ముగ్గురు. మూడో ఆయన ఎవరో వీధిలో ఒక్కరికీ తెలియదు.

గోడల మీద ఆయన బొమ్మ లేదు. మైకు లేదు, జీపు లేదు. గుర్తు నిచ్చెన అన్నంతవరకే తెలిసింది.

పోనీలే అని వదిలేయడానికీ లేదు. వాన పడితే చాలు, మురుగునీళ్లు కొట్లోకి వచ్చి కుట్టుమిషను కాళ్లు కడిగిపోతాయి. పోయిన వానకు స్కూలు యూనిఫారాల గుడ్డంతా మురికిపాలైంది. ఇంకోసారి అలా అయితే కొట్టు మూసుకోవాల్సిందే.

పాత కార్పొరేటరు గెలిచిన మర్నాటి నుంచి కనబడలేదు. రెండో ఆయన స్వయానా ఆయనగారి బావమరిది. అదే తానులో ముక్క.

ఇక మిగిలింది నిచ్చెన.

మందుల షాపాయన్ని అడిగితే ఎవరో రిటైరైన ఇంజనీరట అన్నాడు. ఆటో అతను, ఓట్లు చీల్చడానికి నిలబెట్టిన బొమ్మ అని కొట్టిపారేశాడు. పక్కింటి వదిన మాత్రం, ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడనీ, అప్పుడు టైలరమ్మ దారాల కోసం బజారుకెళ్లిందనీ చెప్పింది. ఎలా ఉంటాడంటే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే తలుపు సందులోంచే సరే సరే అని పంపేశాను, ముఖమెక్కడ చూశానంది.

పోలింగు రోజు స్కూలు గేటు లోపల ఆడవాళ్ల వరస, మగవాళ్ల వరస పక్కపక్కనే కదులుతున్నాయి. పక్క వరసలో వెలిసిన చొక్కా మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. ఊరుకోలేక టైలరమ్మ తన మురుగునీళ్ల గోడు ఆయనకు వినిపించింది.

"నీళ్లు రోడ్డు మీద నుంచి వస్తాయా, తూములోంచి వెనక్కి తంతాయా?" అని అడిగాడాయన.

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. తూములోంచే అని చెప్పింది. అయితే పైన కాలువ ఎంత బాగుచేసినా లాభం లేదు, కింద గొట్టం ఎక్కడో పూడుకుపోయి ఉంటుందన్నాడు. ప్లంబరు కాబోలు అనుకుంది.

అసలు ప్రశ్న అప్పుడు వేసింది.

"ఆ నిచ్చెన గుర్తాయన ఎవరో మీకేమైనా తెలుసా అన్నయ్యా?"

ఆయన నవ్వి, గుమ్మం దగ్గరి పోలీసు వైపు చూశాడు.

"ఇక్కడ ఆ మాటలు మాట్లాడకూడదమ్మా. రూలు."

"తెలుసో లేదో అయినా చెప్పొచ్చుగా?"

"తెలుసు."

"మంచివాడేనా?"

ఆయన మెడ వెనక గోక్కున్నాడు.

"అది నేను చెప్పకూడదు."

టైలరమ్మకు కావలసిన జవాబు దొరికిపోయింది. మంచివాడైతే ఆ ఒక్క ముక్క అనడానికి నోరు రాకపోతుందా? వారం రోజులుగా పెంచుకున్న ఆశ కాస్తా చప్పబడింది.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వంతు ఆయనది. పోలీసు రమ్మన్నాడు కూడా.

"ముందు ఆవిణ్ణి పంపండి, కొట్టు మూసుకుని వచ్చారు," అని ఆయన పక్కకు తప్పుకున్నాడు.

మర్యాద తెలిసిన మనిషి అనుకుంటూ టైలరమ్మ లోపలికి నడిచింది. ఆవిడ పేరు గుమాస్తా గదంతా వినబడేలా చదివాడు. ఇంకొకావిడ వేలికి సిరా పెట్టింది.

అట్ట చాటున మిషను మీది మూడు పేర్లూ చదువుకుంది. మూడో పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. తెలిసినవాడే మంచివాడని అనలేకపోయాడు, మనకెందుకొచ్చిన తంటా అనుకుని, మనసొప్పకపోయినా బావమరిది మీటే నొక్కింది. మిషను కుయ్యిమంది.

ఆవిడ తిరిగి వస్తుంటే వెలిసిన చొక్కా మనిషి గుమాస్తా ముందు నిలబడి ఉన్నాడు. పలకరింపుగా నవ్వాడు. ఆవిడా నవ్వింది.

గుమాస్తా ఆయన పేరు గట్టిగా చదివాడు. అది ఆవిడ ఇప్పుడే మూడో వరసలో, నిచ్చెన బొమ్మ పక్కన చదివి వదిలేసిన పేరు.