మధ్యలో ‘నే’

“ఎమ్మెస్ పేషెంటు ఎవరండీ? తర్వాత మీరే!” నర్సు కేకేసింది.

టైలరమ్మ గబుక్కున లేవబోయింది. చేతికర్ర జారి పక్కాయన కాళ్ల మీద పడింది.

ఆయన కర్ర తీసిచ్చాడు. “ఆపరేషన్ చేసే డాక్టరమ్మకూ ఎమ్మెస్సేనమ్మా. ఆవిడ చదివి తెచ్చుకుంది. మీకు చదవకుండానే వచ్చేసింది!”

తన జోకుకు తనే పగలబడి నవ్వాడు.

టైలరమ్మకు ఒళ్లు మండింది. మండటానికి ఒంటికేం కొదవ లేదు.

ఎమ్మెస్ అనే ఈ నరాల జబ్బొచ్చి కాలు మొరాయించింది. కాలాడకపోతే మిషనాడదు. మిషనాడకపోతే ఇల్లు నడవదు. కూర్చుని కూర్చుని, స్టెరాయిడ్లు వాడి వాడి, ఊరందరి కొలతలూ తీసిన టేపు తన నడుముకే చాలడం లేదు.

ఒళ్లు తగ్గేలా పొట్ట సంచి చిన్నది చేసే ఆపరేషన్‌కు ఇవాళ తేదీ ఇస్తారు. ఇచ్చి తీరాలి.

కొంగు నలుపుతోంది. తలుపు వంక చూస్తోంది. మళ్లీ కొంగు.

“మనసెలా ఉంటోందమ్మా?” మళ్లీ ఆయనే.

“బాగానే ఉంది.”

“‘బాగుంది’ అంటే బాగున్నట్టు. మధ్యలో దూరిన ఆ ‘నే’ ఎవరమ్మా? నేనే! ‘నేను బాగాలేను’ అని లోపల్నుంచి మీరే తలుపు కొడుతున్నారు.”

టైలరమ్మ ఉలిక్కిపడింది. గోడ వైపు తిరిగి తను ఏడుస్తున్న సంగతి ఇంట్లోవాళ్లకే తెలియదు. తెలిస్తే ఆపరేషన్ ఆపేస్తారని భయం.

“మీకెందుకండీ?”

“లోపల అడుగుతారు. దాచకండమ్మా. వాళ్లు కోసేది పొట్టనే. దిగులుకు కత్తి దిగదు.”

“మీరు డాక్టరా?”

“కాదు.”

“పేషెంటా?”

“కాదమ్మా.”

“మరి ఈ ఆరాలేమిటి? సిస్టర్! ఈయన్ను పంపిస్తారా, పెద్ద సారుకు చెప్పమంటారా?”

నర్సు సర్దిచెప్పబోయింది. ఈలోగా వాచ్‌మన్ వచ్చి ఆయన రెక్క పట్టుకున్నాడు.

“తొయ్యకు నాయనా. సెల్ఫ్ స్టార్టు బండినే, వెళ్తున్నాగా!”

ఈసారి ఆయన కూడా నవ్వలేదు.

గదిలో డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిరగేసింది. “అన్నీ బాగున్నాయి. మనసెలా ఉందమ్మా?”

“బాగా...”

‘నే’ గొంతుకు అడ్డంపడింది. టైలరమ్మ భోరుమంది.

అంతా చెప్పేసింది. పట్టని నిద్ర, ఆగని ఏడుపు, బతకాలనిపించకపోవడం.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “చెప్పి ఎంత మంచి పని చేశారు! ఈ జబ్బుతో దిగులు రావడం మామూలే, మీ తప్పు కాదు. దానికీ వైద్యం ఉంది. ముందు అది చూద్దాం. ఆపరేషన్ ఎక్కడికీ పారిపోదు.”

టైలరమ్మ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు కర్ర టకటకలాడించింది. మెట్ల దాకా వెళ్లి తొంగి చూసింది.

“సిస్టర్, ఆయనేరీ?”

“వెళ్లిపోయాడమ్మా. ఇంకెప్పుడూ రానని వాచ్‌మన్‌తో చెప్పాడట.”

“ఎక్కడుంటారు?”

“ఎవరికీ తెలియదు. వారం వారం వచ్చి, మీలాంటివాళ్ల పక్కన కూర్చునేవాడు. పోనీలే అని ఊరుకునేదాన్ని.”

“ఎందుకలా?”

నర్సు గొంతు తగ్గించింది. “నిరుడు మీ జబ్బే ఉన్న ఒకావిడ ఇక్కడ ఆపరేషన్ చేయించుకుంది. ఒళ్లు సగమైంది. దిగులు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఓ రోజు తన ప్రాణం తనే తీసుకుంది.”

“అయ్యో! ఎవరావిడ?”

“ఆయన భార్య.”