పేరు లేని ఫోను

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది ఐదుగురు. వంటగదిలో అమ్మ, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ నాన్న, వరండాలో నాయనమ్మ, గదిలో అక్క, రౌటర్ కింద కుర్చీ వేసుకుని చిన్నది.

"మళ్ళీ ఆగిపోయిందే!" గదిలోంచి అక్క కేక పెట్టింది. ఇంకో ఇరవై నిమిషాల్లో ఆమెకు ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. ముందుగా వీడియో కాల్ చేసి చూసుకుంటే తెర మీద ఆమె ముఖం నోరు తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోతోంది.

"ఎవరో మన నెట్ వాడేస్తున్నారక్కా. ఉండు, నేను చూస్తాగా!"

నలుగురిలో నోరు విప్పని చిన్నదానికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. మాట్లాడాల్సింది మనుషులతో కాదు, డబ్బాతో కదా! తన ఫోన్‌లో రౌటర్ పేజీ తెరిచింది. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. "ఇదీ ఒక పాస్‌వర్డేనా!" అని ఇంటిల్లిపాదినీ మనసులోనే తిట్టుకుని, పద్నాలుగు అక్షరాల కొత్తది పెట్టింది. పైకి చదువుతూ అందరివాటిలో తనే కొట్టి ఇచ్చింది.

రెండు నిమిషాలైనా కాలేదు. జాబితాలో అమ్మ ఫోను, నాన్న ఫోను, అక్క ల్యాప్‌టాప్ పేర్లతో సహా వచ్చాయి. వాటి కింద పేరు లేని ఫోను ఒకటి. నెట్టంతా అదే మింగేస్తోంది.

"వాడు మళ్ళీ వచ్చాడు! మనలోనే ఎవరో పాస్‌వర్డ్ చెప్పేశారు."

"ఎవరు చెబుతారే?" నాన్న నురగ ముఖంతో తొంగి చూశాడు.

చిన్నదాని చూపు వరండా మీదికి పోయింది. పక్కింటి టైలరుతో నాయనమ్మకు పొద్దస్తమానం గోడ మీదుగా కబుర్లే.

"నాయనమ్మా, నిజం చెప్పు. టైలర్ బాబాయికి చెప్పావా?"

"నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు. పద్నాలుగు అక్షరాలు అప్పజెప్పానంటావా తల్లీ?"

"సరే, వాణ్ణి నేనే గెంటేస్తా."

పేరు లేని ఫోను పక్కన 'బ్లాక్' నొక్కింది. పేజీ అలాగే నిలబడిపోయింది. దొంగ బెదిరిపోయాడనుకుంది.

"వచ్చింది! నెట్ పరిగెడుతోంది!" గదిలోంచి అక్క.

అమ్మ గరిటెతోనే వచ్చి బుగ్గ గిల్లింది. "నోట్లో నాలుక లేదనుకుంటాం గానీ, దీని బుర్ర పాదరసం!"

నాన్న నురగ తుడుచుకుని, టైలరు సంగతి తేల్చడానికి చెప్పులేసుకున్నాడు.

చిన్నది నేల మీద కాలు ఆనకుండా గదిలోకి వెళ్ళింది. "చూడక్కా, ఎంత వాడేశాడో!" అని ఫోను చాపింది.

రౌటర్ పేజీ లేదు. ఒక సందేశం ఉంది. అక్క పైకే చదివింది: "నెట్ లేదు. ఎనభై నాలుగు వీడియోల అప్‌లోడ్ ఆగిపోయింది." వేలితో తాకింది. ఎనభై నాలుగింటిలోనూ చిన్నది నిలబడి ఉంది, నాలుక కరుచుకుంటూ.

"ఇవేంటే?"

"రేపు బళ్ళో... రెండు నిమిషాలు మాట్లాడాలి. సాధన చేశా. వాటంతటవే నెట్‌లోకి ఎక్కుతున్నాయనుకోలేదక్కా..."

అక్క గడియారం చూసింది. చెల్లెల్ని భుజాలు పట్టుకుని గుమ్మం దాటించింది.

"నాన్నా, చెప్పులు విప్పెయ్! దొంగ ఇంట్లోనే ఉంది!" అని అరిచి, ధడాలున తలుపేసుకుంది.