మిగతాదంతా శాంతే

సిడ్నీలో నా పక్క మెషీన్ మీద పనిచేసే హమీద్, కాబూల్‌లో ఉన్న వాళ్లక్కకి ఫోన్ చేశాడు. ఆమె చెప్పేది నాకు చేరవేస్తున్నాడు.

"యుద్ధం అయిపోయిందట భాయ్. రాకెట్లు పడ్డన్నాళ్లూ అక్కని పక్కింటి జమీలానే దాచింది. ఇప్పుడు మతపెద్దల ప్రభుత్వం. పాటలు ఒక్కటే బంద్, మిగతాదంతా శాంతేనట."

ఫోన్లో మాత్రం సన్నగా హిందీ పాట వినబడుతోంది.

"అక్కకి హిందీ వచ్చు. మధ్యలో లైన్లోకి వచ్చిన ముల్లాలాగా ఓసారి గద్దించు, నవ్వుతుంది," అని రిసీవర్ నాకిచ్చాడు. ఇక్కడ మా గిరావీన్ పేటలో తల్లులు నా గొంతు పేరు చెప్పే పిల్లలకి అన్నం తినిపిస్తారు.

"ఎవరింట్లో ఆ పాట?" అని హిందీలో గద్దించాను.

పాట టక్కున ఆగింది.

"మా ఇంట్లో కాదు హుజూర్," అంది అక్క. "పక్కింట్లో. జమీలా అని, ఆవిడే."