ఊరు పెట్టుకున్న కట్టు

గోదావరిఖని నుంచి వచ్చిన షేర్ ఆటోలోంచి ఒక పెద్దమనిషి దిగాడు.

ఖరీదైన బూట్లు. వాటి నిండా దుమ్ము.

నేరుగా ఐలవ్వ ఇంటి ముందుకొచ్చి, గోడ పగులును చేత్తో తడిమాడు.

"ఇది బ్లాస్టింగ్ వల్లేనా, అమ్మా?"

ఐలవ్వ నోరు తెరిచింది. పక్కింటి అరుగు మీద కూర్చున్న రాయమల్లు దగ్గాడు. ఆమె నోరు మూసుకుంది.

ఊరి పక్కన ఇప్పటికే ఒక ఓపెన్‌కాస్ట్ గని ఉంది. ఇప్పుడు ఒక ప్రైవేటు కంపెనీ ఊరి కిందే బొగ్గు తవ్వుతానంటోంది. అందుకే ఊరంతా ఒక కట్టు పెట్టుకుంది. సర్వేవాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు. ఏం మాట్లాడినా ఒప్పుకున్నారని రాసుకుంటారని భయం.

"ఊరు పోతే మీరెక్కడికి వెళ్తారమ్మా?"

ఐలవ్వ తన ఎకరం చెలక వైపు చూసింది. అందులోనే ఆమె పెనిమిటి సమాధి.

"సారూ, ఆటో పోతది. జల్ది ఎక్కు," అన్నాడు రాయమల్లు.

ఆయన ఎక్కలేదు. ఇంకో పది ఇళ్ల ముందు నిలబడ్డాడు. పది తలుపులూ మూసుకున్నాయి. ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"చూసినవా అక్కా? మన కుక్క గూడ వానితోని మాట్లాడలె," నవ్వాడు రాయమల్లు.

"మంచిగనే అడిగిండు గదరా," అంది ఐలవ్వ.

"గట్లనే అడుగుతరు."

ఆర్నెల్లకు ఇళ్లు ఖాళీ చేయమని నోటీసులొచ్చాయి. పంచుతున్నవాడు గోదావరిఖనిలో పుట్టిన గిడియోన్, ఆ కంపెనీలో క్లర్కు.

"మేమెవ్వలం ఒప్పుకోలె గద, బిడ్డా," అంది ఐలవ్వ.

"వద్దని గూడ అనలేదట గదా అవ్వా. ఎండకాలం వచ్చిన సారు, 'పదకొండు ఇళ్లు తిరిగిన, ఒక్కరు గూడ వద్దనలేదు' అని రాసి సంతకం పెట్టిండు."

"వాడెవడు రాయనీకి? సర్వేయోడు," అన్నాడు రాయమల్లు.

గిడియోన్ తన చేతిలోని కాగితాల వైపు చూశాడు.

"సర్వేయోడు గాదు కాకా. మూడు దేశాల్ల బొగ్గుబాయిలు తవ్విచ్చి, రెండుసార్లు అన్ని పోగొట్టుకొని మళ్ల లేచినాయన. ఈ బాయికి పైసలన్ని ఆయనయే. ఒకపాలి యాడనో ఊరోళ్లను అడగకుండ తవ్విస్తే మనుషులు పోయిన్రట. అప్పటిసంది ఎక్కడ పైసలు పెట్టాలన్నా ముందుగాల తనే ఒక్కడు పోయి అడుగుతడు, ఒక్కరు వద్దన్నా వాపస్ పోతడు."