పెద్ద మిషను

"ఇగో, మల్ల పొంగింది!" పక్కింటి వెంకటవ్వ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అరిచింది.

ఊర్మిళ గడప దాకా ఉరికొచ్చింది. పన్నెండు దాటింది. నాలుగింటికల్లా కిమ్ అనే ఊరి నుంచి మగపెళ్లివాళ్లు చెల్లెలు నీరజను చూడ్డానికి దిగుతారు. ఇక్కడ చూస్తే సెప్టిక్ ట్యాంకు మూత సందుల్లోంచి నల్లనీళ్లు గడప దాకా వచ్చేశాయి. ఈ కంపులో వాళ్లు చాయ్ తాగేదెప్పుడు, సంబంధం ఖాయం చేసేదెప్పుడు! ఊర్మిళ కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరుగుతోంది.

"రవీంద్రను లేపరాదే?" అంది వెంకటవ్వ.

"ఆయన్నెందుకవ్వా! డబల్ డ్యూటీ చేసి తెల్లారంగ వచ్చిండు. మరదలి కోసమని ఇయ్యాల ఛుట్టీ వెట్టిండు. జర పండనీ."

"మునుపు 'మిల్లుల సాంచెల మీద బట్ట నేస్తున్న' అనేటోడు. ఇప్పుడు 'మిషన్ మీద' అనవట్టె. రెండు ఒక్కటేనా ఏంది?"

"ఒక్కటెట్లయితది? గది ఆర్నెల్ల కిందటి ముచ్చట. ఇప్పుడు పెద్ద మిషనట! శేటు డ్యూటీకని వేరే ఫోను గూడ ఇచ్చిండు. ఆ నంబరు నాకే ఇయ్యడు." ఊర్మిళ గొంతులో గర్వం పొంగింది, ట్యాంకు కన్నా జోరుగా. "తానం గూడ మిల్లుల్నే. సెంటు గొట్టుకొని దొర లెక్క ఇంటికొస్తడు."

వెంకటవ్వ ముక్కు మూసుకునే నవ్వింది.

గల్లీ చివర గోడ మీద రాసున్న, సెప్టిక్ ట్యాంకులు తోడే టాంకర్ నంబరుకు ఊర్మిళ ఫోన్ చేసింది. ఎత్తిన డ్రైవర్ హిందీలో చెప్పాడు. "బండి ఉంది బెహన్. పైపు పట్టే మనిషే ఈరోజు రాలేదు."

"ఇంకొకల్ని తోలరాదు?"

"వేరేవాళ్లయితే లోపలికి దిగుతామంటారు. దిగితే ప్రాణానికి భరోసా లేదు. ఆయన ఎవర్నీ దిగనివ్వడు, పైనుంచే ఒడుపుగా తీస్తాడు. మీ తెలుగాయనే."

ఊర్మిళకు ఒళ్లు మండిపోయింది. "థూ! మేం నేసెటోళ్లం. మావోళ్లు గా పని జేస్తరా? గట్లాంటోని ఇంట్ల మేం మంచినీళ్లు గూడ ముట్టం!"

లోపల నులక మంచం కిర్రుమంది. ఊర్మిళ నాలుక కరుచుకుని గొంతు తగ్గించింది.

"మీ ఇష్టం," అన్నాడు డ్రైవర్. "ఆయన నంబరిస్తా, మీరే అడగండి. సెలవు రోజున నా ఫోనైతే ఎత్తడు. ఆయన వస్తానంటే అరగంటలో బండి తెస్తా."

అవసరం వస్తే గాడిద కాళ్లయినా పట్టుకోక తప్పదు. ఊర్మిళ నీరజ కాటుక పెన్సిల్ లాక్కుని నంబరు అరచేతిలో రాసుకుంది. వచ్చేవాడికి నీళ్లివ్వాలి కదా, సొట్టబోయిన పాత గ్లాసొకటి వెతికి గడప బయట పెట్టింది.

"గా గ్లాసెందుకే?" అంది వెంకటవ్వ.

"మనం తాగే గ్లాసులల్ల పోస్తమా అవ్వా?"

అరచేయి చూసుకుంటూ ఒక్కో అంకె నొక్కింది. 'ఏ పుణ్యాత్ముడో, జల్ది ఎత్తితే బాగుండు' అని మొక్కుకుంటూ ఫోను చెవికి ఆనించుకుంది.

ఇంట్లో, రవీంద్ర తలగడ కింద ఫోను మోగింది.